ఒకే పరుగు, మూడు మూలాలు: 5-హెచ్‌టీ2ఏ బ్లాకర్ మెదడులో ఎక్కడ పనిచేస్తోంది?

ఉత్తేజక మందు ఆంఫెటమైన్ ఇచ్చిన చిట్టెలుక పెట్టెలో ఆగకుండా పరుగులు తీస్తుంది. ఎంకే-801 అనే మందు ఇచ్చినా తీస్తుంది. డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే డీ1 రిసెప్టర్‌ను (నరకణం మీది గ్రాహక ప్రొటీన్‌ను) నేరుగా తట్టిలేపే సీ-ఏపీబీ ఇచ్చినా అంతే. పెట్టెలో కాంతి కిరణం ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టే బీమ్ కౌంటర్ మీద అంకె చూసి ఏ చిట్టెలుకకు ఏ మందు పడిందో చెప్పడం కష్టం. కానీ ఈ మూడు పరుగులూ మెదడులో మూడు వేర్వేరు చోట్ల మొదలవుతాయి. ఆ తేడా తెలిసినవాళ్లకు అదే పనిముట్టు అవుతుంది.

ఇక్కడ తీసుకున్న కేసు సెరొటోనిన్ అనే ఇంకో మెదడు రసాయనాన్ని అందుకునే 5-హెచ్‌టీ2ఏ రిసెప్టర్‌ది. దాన్ని అడ్డుకునే మందు ముందుగా ఇస్తే ఆంఫెటమైన్ పరుగు, కొకెయిన్ పరుగు, ఎంకే-801 పరుగు తగ్గుతాయి. సీ-ఏపీబీ పరుగు మాత్రం తగ్గదు. 1999లో వెలువడిన ఒక పరిశోధనా పత్రం ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూపించింది. చాలా ల్యాబుల్లో నాలుగో ఫలితాన్ని ‘పనిచేయలేదు’ అని రాసి పక్కన పెట్టేస్తారు. ఈ కేసులో అన్నిటికంటే విలువైన ఫలితం అదే. ఎందుకో చెప్పాలంటే ముందు వైరింగ్ చూడాలి.

పరుగు ఎక్కడ పుడుతుంది

ఆంఫెటమైన్ డోపమైన్ నరాల కొసల్లోకి డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ (విడుదలైన డోపమైన్‌ను తిరిగి లోపలికి లాగే ప్రొటీన్) గుండానే దూరుతుంది. లోపల వెసికిల్స్ అనే చిన్న సంచుల్లో దాచిన డోపమైన్‌ను బయటికి తీస్తుంది, ఆ ట్రాన్స్‌పోర్టర్‌నే వెనక్కి తిప్పి డోపమైన్‌ను బయటికి కుమ్మరింపజేస్తుంది. కొకెయిన్ అదే ట్రాన్స్‌పోర్టర్‌కు అడ్డుపడి, విడుదలైన డోపమైన్ తిరిగి లోపలికి పోకుండా ఆపుతుంది. 1996లో ఆ ట్రాన్స్‌పోర్టర్ జీన్ తీసేసిన చిట్టెలుకలు వచ్చాయి. అవి ఏ మందూ లేకుండానే పరుగెత్తేవి, కొకెయిన్ గానీ ఆంఫెటమైన్ గానీ ఇస్తే ఆ పరుగు ఇంకా పెరిగేది కాదు. అంతకు రెండేళ్ల ముందే, 1994లో, డీ1 రిసెప్టర్ లేని చిట్టెలుకల్లో కొకెయిన్ పరుగు పుట్టదని తేలింది.

మెదడులో చోటు సంగతి ఇంకా పాతది. 1975లో ఎలుకల మెదడులో 6-హైడ్రాక్సీడోపమైన్ అనే విషంతో డోపమైన్ కొసలను చంపి చూశారు. మెదడు లోతుల్లోని న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగంలో చంపితే ఆంఫెటమైన్ పరుగు పోయింది. దాని పక్కనున్న కాడేట్‌లో చంపితే పెద్ద డోసులో కనిపించే స్టీరియోటైపీ, అంటే ఉన్నచోటే వాసన చూడటం, నాకడం, కొరకడం పోయింది. ఒకే మందు, రెండు చోట్లు, రెండు ప్రవర్తనలు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కౌంట్ల తప్పుల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఎంకే-801 దారి వేరు. అది నరకణాలను రెచ్చగొట్టే గ్లూటమేట్ అనే రసాయనానికి చెందిన ఎన్‌ఎండీఏ రిసెప్టర్ రంధ్రంలో దూరి ఇరుక్కుంటుంది. కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో) పిరమిడల్ నరకణాలకు కళ్లెం వేసి ఉంచే గాబా ఇంటర్‌న్యూరాన్లు (నెమ్మదింపజేసే నరకణాలు) ఎన్‌ఎండీఏ మీద ఎక్కువగా ఆధారపడతాయి. మందు పడగానే ముందు అవి మందగిస్తాయి, తర్వాత కళ్లెం తెగిన పిరమిడల్ కణాలు రెచ్చిపోతాయి. గ్లూటమేట్ కిందికి ఉరుకుతుంది. డోపమైన్ కూడా కొంత పెరుగుతుంది గానీ ఈ పరుగుకు అది తప్పనిసరి కాదు. 1989లో మరియా కార్ల్‌సన్, అర్విడ్ కార్ల్‌సన్ మోనోఅమీన్లు (డోపమైన్, సెరొటోనిన్ లాంటి రసాయనాలు) ఖాళీ చేసిన చిట్టెలుకలకు ఎంకే-801 ఇస్తే అవి లేచి కదలసాగాయి. డోపమైన్ లేకుండా కదలిక! కదలికంతా డోపమైన్‌దే అన్న నమ్మకం అక్కడే బీటలువారింది.

సీ-ఏపీబీకి ఎస్‌కేఎఫ్ 82958 అని ఇంకో పేరు. ఇది డోపమైన్ విడుదలతో సంబంధం లేకుండా, అందుకునే వైపున ఉన్న డీ1 రిసెప్టర్‌ను తానే తట్టి పరుగు పుట్టిస్తుంది. నది దాటి అవతలి గట్టు మీద మొదలైన పరుగు ఇది.

ఇప్పుడు 5-హెచ్‌టీ2ఏ. ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఐదో పొరలోని పిరమిడల్ కణాల డెండ్రైట్ల (సంకేతాలు అందుకునే కొమ్మల) మీద ఇది దండిగా ఉంటుంది. సెరొటోనిన్ దీన్ని తాకితే ఆ కణాల్లోకి గ్లూటమేట్ సంకేతాలు పెరుగుతాయి. అంటే ఎంకే-801 తెంపిన కళ్లెం దగ్గరే ఈ రిసెప్టర్ గుర్రాన్ని అదిలిస్తోంది. దీని బ్లాకర్లు మామూలు స్థితిలో డోపమైన్ విడుదలను పెద్దగా కదిలించవు, ఆంఫెటమైన్‌తో అది పొంగినప్పుడు మాత్రం తగ్గిస్తాయి. కాబట్టి ఆంఫెటమైన్ మీద, ఎంకే-801 మీద పనిచేయడానికి కారణం కనిపిస్తోంది. సీ-ఏపీబీ మీద పనిచేయకపోవడానికీ కారణం కనిపిస్తోంది: ఆ పరుగు ఈ రిసెప్టర్ కాపలా కాసే చోటును దాటేశాక మొదలైంది.

నాలుగో ఫలితం ఇంకో పని కూడా చేస్తుంది. చిట్టెలుక మత్తుగా ఉన్నా, కాళ్లు తడబడుతున్నా సీ-ఏపీబీ పరుగు కూడా పడిపోవాలి. అది పడలేదంటే బ్లాకర్ జంతువును నిద్రపుచ్చలేదని, కండరాలను కుంగదీయలేదని అదే బోను, అదే గంట, అదే సూది సాక్ష్యం ఇచ్చినట్టు. తిరిగే కడ్డీ మీద జంతువును నిలబెట్టి విడిగా చేసే రోటారాడ్ పరీక్ష కంటే ఈ సాక్ష్యం గట్టిది. అందుకే ఏ బ్లాకర్‌ను పరీక్షించినా అవతలి గట్టు పరుగు ఒకటి డిజైన్‌లో ఉండి తీరాలి.

గ్రూపులు

ఒక్కో ఉత్ప్రేరకానికి (పరుగు పుట్టించే మందుకు) నాలుగు గ్రూపులు తప్పనిసరి: వెహికల్ (మందు లేని ఉత్త ద్రావణం) తర్వాత సెలైన్, బ్లాకర్ తర్వాత సెలైన్, వెహికల్ తర్వాత ఉత్ప్రేరకం, బ్లాకర్ తర్వాత ఉత్ప్రేరకం. రెండో గ్రూపును ఖర్చు తగ్గించడానికి వదిలేసిన పత్రాలు కోకొల్లలు. అది లేకపోతే మిగతా మూడూ వృథా.

బ్లాకర్‌కు మూడు డోసులు, ఉత్ప్రేరకాలు మూడు, గ్రూపుకు 10 చిట్టెలుకలు అనుకుంటే: బ్లాకర్ వైపు సున్నాతో కలిపి నాలుగు మెట్లు, ఉత్ప్రేరకం వైపు సెలైన్‌తో కలిపి నాలుగు. మొత్తం 16 గ్రూపులు, 160 చిట్టెలుకలు. మూడు ఉత్ప్రేరకాలూ ఒకే విడతలో, కలగలిపి నడిపితేనే సెలైన్ గ్రూపులను ఉమ్మడిగా వాడుకోవచ్చు. జనవరిలో ఆంఫెటమైన్, మార్చిలో ఎంకే-801 నడిపి ఒకే సెలైన్ గ్రూపుతో పోల్చడం చెల్లదు. ప్రతి రోజూ, ప్రతి బోనులోనూ గ్రూపులు సర్దుబాటుగా పడాలి.

చిట్టెలుకల సంఖ్య తగ్గించాలని ఒకే జంతువుకు వారం విడిచి వారం అన్ని మందులూ ఇవ్వడం పెద్ద పొరపాటు. ఆంఫెటమైన్, కొకెయిన్, ఎంకే-801 మళ్లీ మళ్లీ ఇస్తే పరుగు విడత విడతకూ పెరుగుతుంది. ఇదే సెన్సిటైజేషన్. అదే పెట్టెలో ఇస్తే మరీ ఎక్కువ. వారం విరామంతో అది చెరిగిపోదు.

8–10 వారాల సీ57బీఎల్/6 జాతి చిట్టెలుకలు ఈ పనికి అనువు, ఆడవి, మగవి రెండూ. సబ్‌స్ట్రెయిన్ (అదే జాతిలోని ఉపజాతి) మాత్రం కచ్చితంగా రాసుకోవాలి. సీ57బీఎల్/6ఎన్‌లో సైఫిప్2 అనే జీన్‌లో మార్పు ఉందని, దానివల్ల వాటికి కొకెయిన్ ప్రభావం తగ్గుతుందని 2013లో తేలింది. నాకౌట్ (రిసెప్టర్ జీన్ తీసేసిన) చిట్టెలుకలు ‘ఎన్’ నేపథ్యంలో, కంట్రోల్ చిట్టెలుకలు ‘జే’ నేపథ్యంలో ఉంటే రిసెప్టర్ ప్రభావం అని రాసేది నిజానికి సబ్‌స్ట్రెయిన్ తేడా కావచ్చు.

మందు కలపడం: సాల్ట్, బేస్ లెక్క

ఈ పనిలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే, అందుకే కాస్త నెమ్మదిగా చూద్దాం.

ఎంకే-801 సీసాలో ఉండేది మాలియేట్ సాల్ట్ (ఆమ్లంతో కలిపిన రూపం). దాని అణుభారం 337.4, బేస్‌ది (అసలు మందుది) 221.3. అంటే 1 మి.గ్రా. బేస్ కావాలంటే 1.52 మి.గ్రా. సాల్ట్ తూయాలి. కిలోకు 0.2 మి.గ్రా. బేస్, ఇంజెక్షన్ కిలోకు 10 మి.లీ. అనుకుంటే ద్రావణంలో మి.లీ.కు 0.02 మి.గ్రా. బేస్, అంటే 0.0305 మి.గ్రా. సాల్ట్ ఉండాలి. 20 మి.లీ. కలపడానికి 0.61 మి.గ్రా. తూయమంటే మామూలు అనలిటికల్ బ్యాలన్స్ మీద అది ఊహే అవుతుంది. 3.05 మి.గ్రా. తూచి 10 మి.లీ. సెలైన్‌లో స్టాక్ కలిపి, అందులోంచి ఒక వంతుకు తొమ్మిది వంతుల సెలైన్ చేర్చాలి. 25 గ్రాముల చిట్టెలుకకు 0.25 మి.లీ. పడుతుంది.

డి-ఆంఫెటమైన్ సల్ఫేట్‌లో ఒక అణువుకు రెండు ఆంఫెటమైన్‌లు ఉంటాయి. అణుభారం 368.5ని నేరుగా బేస్ 135.2తో భాగించి 2.7 రెట్లు తూచేవాళ్లున్నారు. సరైన గుణకం 1.36. కిలోకు 2 మి.గ్రా. బేస్‌కు ద్రావణం మి.లీ.కు 0.2725 మి.గ్రా. సాల్ట్. ఈ ఒక్క తప్పుతో డోస్ రెట్టింపై, పరుగు కావాల్సిన చోట స్టీరియోటైపీ వస్తుంది. ఇంకో సంగతి: డి-రూపమా, డి, ఎల్ కలిసిన మిశ్రమమా అన్నది సీసా మీద చూసుకోవాలి, రెండింటి బలం ఒకటి కాదు.

సీ-ఏపీబీ హైడ్రోబ్రోమైడ్ అణుభారం 410.7, బేస్ 329.8, గుణకం 1.25. ఇది కాటెకాల్ తరగతి అణువు, గాలి తగిలితే పాడవుతుంది. 0.1 శాతం ఆస్కార్బిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో అప్పటికప్పుడు కరిగించి, సీసాకు అల్యూమినియం రేకు చుట్టి, ఐస్ మీద ఉంచాలి. రంగు మారితే పారేయాలి. దీనికి వెహికల్ గ్రూపుకూ అదే ఆస్కార్బిక్ ద్రావణం ఇవ్వాలి, సెలైన్ చాలదు. ఉమ్మడి గ్రూపులు వాడుకునే ఆలోచన ఉంటే మూడు ఉత్ప్రేరకాలనూ ఆస్కార్బిక్ ద్రావణంలోనే కలపడం మేలు. కిలోకు 1 మి.గ్రా. చుట్టుపక్కల మొదలుపెట్టి పైలట్‌తో సరిచూసుకోవాలి.

బ్లాకర్‌గా ఎం100907 ఎంచుకోవాలి. దీనికే ఎండీఎల్ 100,907 అనీ, వోలినాన్సెరిన్ అనీ పేర్లు. 5-హెచ్‌టీ2ఏను 1 నానోమోలార్ లోపే పట్టేస్తుంది, 5-హెచ్‌టీ2సీ అనే ఇంకో సెరొటోనిన్ రిసెప్టర్ మీద పట్టు వంద రెట్లకు పైగా తక్కువ. నీళ్లలో సులువుగా కరగదు. ముందు ఒకటి రెండు చుక్కల పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, సెలైన్‌తో పెంచి, పీహెచ్‌ను 6 దగ్గరికి తేవాలి. ఆమ్లం ఎక్కువైతే పొట్టలో మంట పుట్టి చిట్టెలుక ముడుచుకుని కూర్చుంటుంది. ఆ కూర్చోవడాన్ని కౌంటర్ ‘రిసెప్టర్ ప్రభావం’గా లెక్కిస్తుంది. కిలోకు 0.01, 0.03, 0.1 మి.గ్రా. మెట్లు సరిపోతాయి. డోస్ మీదికి ఎక్కించేకొద్దీ ఆల్ఫా1 అడ్రినెర్జిక్ రిసెప్టర్ కూడా అడ్డుపడే ప్రమాదం ఉంది.

పరీక్ష రోజు

జంతువులు వచ్చాక కనీసం వారం కుదురుకోనివ్వాలి. తర్వాత మూడు రోజులు చేతితో పట్టి అలవాటు చేయాలి, చివరి రెండు రోజులు ఉత్త సెలైన్ సూది వేయాలి. మొదటిసారి సూది పడ్డ చిట్టెలుక భయంతోనే పరుగెడుతుంది, లేదా కొయ్యబారిపోతుంది.

పరీక్ష ప్రతి రోజూ ఒకే గంటల మధ్య జరగాలి. సూది వేసే మనిషి మారకూడదు. మగవాళ్ల వాసనకే చిట్టెలుకలు ఒత్తిడికి లోనవుతాయని 2014లో రుజువైంది కాబట్టి పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు అన్నది కుదరదు.

40 సెం.మీ. చదరపు పెట్టెలో చిట్టెలుకను వదిలి 60 నిమిషాలు తిరగనివ్వాలి. కొత్తచోటు చూసే తిరుగుడు ఆ గంటలో చల్లారుతుంది. బయటికి తీసి బ్లాకర్ వేసి వెంటనే పెట్టెలో పెట్టాలి. 30 నిమిషాల తర్వాత ఉత్ప్రేరకం. అక్కడి నుంచి 120 నిమిషాలు, ఐదు నిమిషాల ముక్కలుగా రికార్డు. ఆంఫెటమైన్ పది నిమిషాల్లోనే అందుకుని గంట తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఎంకే-801 నెమ్మదిగా ఎక్కి రెండు గంటలు దాటినా వదలదు. 30 నిమిషాల రికార్డుతో సరిపెడితే ఎంకే-801 సగం కథే చూసినట్టు.

ఒక్కో చిట్టెలుక తర్వాత పెట్టెను పలుచని ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఆరకముందే తర్వాతి దాన్ని పెడితే ఆ ఘాటుకు మొదటి నిమిషాల కౌంట్లు చెడతాయి.

కౌంటర్‌తో పాటు పైన కెమెరా తప్పనిసరి. ప్రతి పది నిమిషాలకు ఒక నిమిషం వీడియోను, ఏ గ్రూపో తెలియని మనిషి చూసి మార్కులు వేయాలి: నడుస్తోందా, ఉన్నచోటే తల ఆడిస్తోందా, తూలుతోందా, గుండ్రంగా తిరుగుతోందా.

అంకెలు ఎలా అబద్ధం చెబుతాయి

కౌంట్ తగ్గడానికి రిసెప్టర్ అడ్డుపడటం ఒక కారణం మాత్రమే. మిగతావి ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవాలి.

మొదటిది స్టీరియోటైపీ. ఆంఫెటమైన్ డోస్ పెంచుకుంటూ పోతే పరుగు ఒక ఎత్తుకు చేరి మళ్లీ దిగుతుంది, ఎందుకంటే చిట్టెలుక ఇప్పుడు ఒక మూలనే వాసన చూస్తూ, నాకుతూ ఉండిపోయింది. ఎలుకల్లో కిలోకు 1 మి.గ్రా. దగ్గర పరుగు, 5 మి.గ్రా. దగ్గర స్టీరియోటైపీ రాజ్యమేలుతాయి. ఈ పెద్ద డోసు మీద డోపమైన్ రిసెప్టర్‌ను అడ్డుకునే హాలోపెరిడాల్ కొద్దిగా ఇస్తే స్టీరియోటైపీ కరిగి పరుగు బయటపడుతుంది, కౌంట్ పెరుగుతుంది. బ్లాకర్ ఆంఫెటమైన్‌ను బలపరిచిందని రాసేస్తారు. నిజం దానికి తలకిందులు. ఇందుకే ఉత్ప్రేరకం డోసును కొండ ఎక్కే వైపున, శిఖరానికి కాస్త కింద పెట్టుకోవాలి. ఎంకే-801తోనూ ఇదే గండం: కిలోకు 0.5 మి.గ్రా. చేరేసరికి తల ఊపడం, తూలడం, పక్కకు పడటం మొదలవుతాయి.

రెండోది అడుగు తాకడం, అంటే కౌంట్ ఇంక దిగలేని కనిష్ఠానికి చేరడం. పైన చెప్పిన 60 నిమిషాల అలవాటు ఉత్ప్రేరకం ప్రభావాన్ని శుభ్రంగా చూపిస్తుంది కానీ ఒక మూల్యం అడుగుతుంది. గంట తర్వాత సెలైన్ చిట్టెలుకలు దాదాపు నిద్రలో ఉంటాయి. అప్పుడు బ్లాకర్ మత్తు కలిగించినా, ఉన్న కొద్ది కౌంట్ కంటే కిందికి పోవడానికి చోటేదీ? ‘బ్లాకర్ ఒంటరిగా కదలికను మార్చలేదు’ అన్న వాక్యం అచ్చైన చాలా చోట్ల దాని వెనక ఉన్నది ఈ అడుగే. పరిష్కారం సులువు: బ్లాకర్ ఒక్కదాన్నే, అలవాటు లేని కొత్త చిట్టెలుకలకు, కొత్త పెట్టెలో ఇచ్చి మొదటి 30 నిమిషాలు చూడాలి. అక్కడ కౌంట్ పడిపోతే ఆ డోస్‌ను కేసులోంచి తీసేయాలి. దీంతోపాటు 300 సెకన్లలో నిమిషానికి 4 నుంచి 40 చుట్లకు వేగం పెరిగే రోటారాడ్ ఒకసారి.

మూడోది, బ్లాకర్ పేరు ఒకటి, పని ఇంకొకటి. కేటాన్సెరిన్ 5-హెచ్‌టీ2ఏతో పాటు ఆల్ఫా1నూ, హిస్టమిన్ హెచ్1నూ పట్టుకుంటుంది. ఆల్ఫా1 చిన్న విషయం కాదు: ఆల్ఫా1బీ రిసెప్టర్ లేని చిట్టెలుకల్లో ఆంఫెటమైన్, కొకెయిన్, మార్ఫిన్ పరుగులు మూడూ తగ్గుతాయని 2002లో తేలింది. కాబట్టి కేటాన్సెరిన్‌తో ఆంఫెటమైన్ తగ్గితే ఆ ఘనత ఏ రిసెప్టర్‌దో చెప్పలేం. రిటాన్సెరిన్ 2ఏ, 2సీ రెండింటినీ మూస్తుంది. 2సీ పని 2ఏకు ఎదురు. డోపమైన్ వ్యవస్థకు అదొక బ్రేకు. ఎస్‌బీ 242084తో 2సీని ఒక్కదాన్నే మూస్తే కొకెయిన్ పరుగు పెరుగుతుంది. 1997లో కార్ల్‌సన్ బృందం చిట్టెలుకల్లో ఎం100907 తెచ్చిన ప్రశాంతతను రిటాన్సెరిన్ చెరిపేయడం చూసింది. రెండూ 2ఏ బ్లాకర్లే, రెండూ కలిస్తే ఫలితం బలపడాలి కదా అనుకునేవాళ్లకు ఇది పెద్ద గుణపాఠం. డోపమైన్ వైపూ ఇదే చిక్కు: డీ1 బ్లాకర్‌గా అందరూ వాడే ఎస్‌సీహెచ్ 23390 5-హెచ్‌టీ2సీని తట్టిలేపుతుంది, అంటే అది బ్రేకు కూడా నొక్కుతోంది.

నాలుగోది మెదడుకు చేరిన మోతాదు. ఒక మందు ఇంకో మందు విరుగుడును ఆపగలదు. ఇప్రిండోల్ ఎలుకల కాలేయంలో ఆంఫెటమైన్ హైడ్రాక్సిలేషన్‌ను ఆపి, మెదడులో ఆంఫెటమైన్‌ను పెంచి, పొడిగిస్తుంది. రిసెప్టర్‌తో పనే లేదు. కొత్త అణువును పరీక్షిస్తున్నప్పుడు పరుగు తగ్గిన గ్రూపులోంచి, తగ్గని గ్రూపులోంచి కొన్ని మెదళ్లు తీసి ఉత్ప్రేరకం ఎంత చేరిందో కొలవకుండా రిసెప్టర్ పేరు రాయకూడదు. ఎంకే-801తో లింగభేదం కూడా ఈ పద్దులోనే వస్తుంది: ఆడ ఎలుకల్లో అది నెమ్మదిగా విరిగి మెదడులో ఎక్కువగా నిలుస్తుంది, మగవాటికి సరిపోయిన డోస్ వాటిని తూలిపడేలా చేస్తుంది.

ఐదోది లెక్కల్లో ఉంది, ఇది రివ్యూయర్ల కళ్లూ గప్పుతుంది. ఉదాహరణకు సెలైన్ చిట్టెలుక కౌంట్ 2000, బ్లాకర్ ఇస్తే 1000 అనుకోండి. ఆంఫెటమైన్‌తో 8000, బ్లాకర్ కలిస్తే 4000. మామూలు అంకెల మీద టూవే ఎనోవా అనే గణాంక పరీక్ష చేస్తే ఇంటరాక్షన్ (ఒక మందు ప్రభావం రెండోదాన్ని బట్టి మారడం) ఘనంగా వస్తుంది: ఒకచోట తగ్గింది 1000, ఇంకోచోట 4000. లాగరిథమ్ తీసి చేస్తే ఇంటరాక్షన్ మాయం, రెండుచోట్లా తగ్గింది సగమే. ఈ రెండో చూపే సరైనది. బ్లాకర్ ఉన్న కదలికనంతా సగం చేసిందంతే, ఆంఫెటమైన్‌ను ప్రత్యేకంగా ఏమీ అనలేదు. స్కేల్ మార్చితే మాయమయ్యే ఇంటరాక్షన్ మీద రిసెప్టర్ కథ కట్టరాదు. ఇంకొకటి, 24 ముక్కల సమయం కొలిస్తే 24 శాంపిళ్లు అయిపోవు; లెక్కకు వచ్చేది జంతువే.

ఫలితం చదవడం

సీ-ఏపీబీ పరుగు నిలిచి, మిగతా రెండూ తగ్గాయనుకుందాం. డీ1కు ముందున్న ఏదో మెట్టు మీద బ్లాకర్ పనిచేస్తోందని రాయవచ్చు. ఆ మెట్టు కార్టెక్స్‌లోనా, డోపమైన్ విడుదల దగ్గరా అన్నది ఈ మూడింటితో తేలదు. దానికి రెండు దారులున్నాయి. ఒకటి మైక్రోడయాలసిస్, అంటే మెదడులో సన్నని గొట్టం పెట్టి అక్కడి రసాయనాలను కొలవడం: అకంబెన్స్‌లో డోపమైన్ నిజంగా తగ్గిందా? రెండోది 1989 నాటి చిట్కా: రిసెర్పిన్, ఆల్ఫా-మిథైల్-పారా-టైరోసిన్‌తో మోనోఅమీన్లు ఖాళీ చేసి ఎంకే-801 ఇవ్వడం. డోపమైన్ లేని ఆ కదలికను కూడా బ్లాకర్ తగ్గిస్తే దాని పని డోపమైన్ విడుదలతో ముడిపడి లేదు. అయితే సెరొటోనిన్ కూడా ఖాళీ అయిపోయిన మెదడులో సెరొటోనిన్ రిసెప్టర్‌ను మూస్తున్నామన్న సంగతి మరవకూడదు, ఫలితం రాకపోతే దానికి రెండు అర్థాలుంటాయి.

రెండింటిలో ఏది ఎక్కువ తగ్గిందన్నదీ చూడాలి. 1999లోనే వచ్చిన మరో పత్రం చిట్టెలుకల్లో ఎం100907 డోపమైన్ అగోనిస్ట్ (రిసెప్టర్‌ను తట్టిలేపే మందు) పరుగు కంటే ఎన్‌ఎండీఏ బ్లాకర్ పరుగును ఆపడంలోనే మెరుగని చూపింది. పైన చెప్పిన పత్రం ఆంఫెటమైన్, కొకెయిన్ కూడా తగ్గాయంటోంది. ఇవి కొట్టుకునే ఫలితాలుగా కనిపిస్తాయి గానీ అలా చదవనక్కర్లేదు. విడుదలను పెంచే మందు వేరు, రిసెప్టర్‌ను నేరుగా తట్టే మందు వేరు. డోసులు వేరైతే మొగ్గు మారుతుంది. రెండింటిలోనూ ఒక మాట ఉమ్మడి: పరుగు అందుకునే రిసెప్టర్ దగ్గరికి జరిగేకొద్దీ 2ఏ బ్లాకర్ పట్టు సడలుతుంది.

ఇదే అచ్చులో ఇతర రిసెప్టర్లనూ పోసి చూడవచ్చు. గ్లూటమేట్ ఎంగ్లూ2/3 అగోనిస్ట్ ఎల్‌వై354740 ఎలుకల్లో పీసీపీ (ఎంకే-801 లాంటి ఎన్‌ఎండీఏ బ్లాకర్) పరుగును, పొంగిన గ్లూటమేట్‌ను తగ్గించింది, డోపమైన్‌ను మాత్రం తాకలేదు. ఇది 1998 నాటి ఫలితం. ఆ తరగతిలోని పోమాగ్లూమెటాడ్ స్కిజోఫ్రేనియా రోగుల్లో 2012లో విఫలమైంది. మస్కరినిక్ ఎం1/ఎం4 రిసెప్టర్లను తట్టే జానోమెలిన్ ఎలుకల్లో, చిట్టెలుకల్లో యాంటీసైకోటిక్ లక్షణాలు చూపింది, ట్రోస్పియమ్‌తో కలిపి 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి పొందింది. పిమావాన్సెరిన్ 5-హెచ్‌టీ2ఏ వైపు నుంచే వచ్చి 2016లో పార్కిన్సన్స్ సైకోసిస్‌కు మందైంది. పెట్టెలో పరుగు ఆగడానికీ రోగి కోలుకోవడానికీ మధ్య సూటి దారి లేదని ఈ నాలుగు పేర్లే చెబుతాయి. ఈ పరీక్ష చెప్పగలిగింది ఒకటే: మందు మెదడులోకి చేరి ఏ మెట్టు మీద చేయి వేసిందన్నది.

మన ల్యాబుల్లో

మన దేశంలో ఈ పనికి సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) నిబంధనల కింద సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి ఉండాలి. 160 చిట్టెలుకల లెక్కకు కారణం ఫారం-బీలో గ్రూపుల వారీగా చూపాలి. ఆంఫెటమైన్, కొకెయిన్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం పరిధిలోవి. ఎంకే-801 బదులు వాడే ఇంకో ఎన్‌ఎండీఏ బ్లాకర్ కెటమైన్‌ను కూడా 2011లో అందులో చేర్చారు. లైసెన్సు, రిజిస్టరు, తాళం వేసిన అల్మరా, వాడిన ప్రతి మి.గ్రా.కు సంతకం లేకుండా మొదలుపెట్టే ప్రశ్నే లేదు.

ఫార్మసీ కాలేజీల్లో ఎక్కువగా ఉండేది ఆక్టోఫోటోమీటర్ అనే బీమ్ కౌంటర్. దానికి బీమ్ తెగిందని తెలుసు, జంతువు ఎక్కడుందో తెలియదు. ఒకే బీమ్ దగ్గర తల ఆడించే చిట్టెలుకకూ పెట్టె అంతా తిరిగే చిట్టెలుకకూ ఒకే కౌంట్ రావచ్చు. పైన ఒక ఫోన్ కెమెరా బిగించి, పెట్టె అడుగును తొమ్మిది గళ్లుగా గీసి, ఎన్ని గళ్లు దాటిందో వీడియోలో లెక్కపెడితే ఈ లోపం చాలావరకు తీరుతుంది. ఆంఫెటమైన్ దొరకని చోట కెఫీన్‌తో రిసెప్టర్ పాఠం నేర్పవచ్చు. కిలోకు 10–20 మి.గ్రా. దగ్గర చిట్టెలుక చురుకవుతుంది, 100 దగ్గర కుంగుతుంది. అడెనోసిన్ ఏ2ఏ రిసెప్టర్ లేని చిట్టెలుకల్లో కెఫీన్ చురుకుదనం ఇవ్వకపోగా కదలికను తగ్గించిందని 1997లో చూశారు. ఎంకే-801తో పోలిస్తే డోస్ కిటికీ వెడల్పు, తూకం సులువు.

చివరగా, సీ-ఏపీబీ పరుగు కూడా తగ్గిందనుకోండి. రిసెప్టర్ గురించి ఒక్క ముక్క రాయకముందు ఈ వరుసలో చూడాలి. బ్లాకర్ డోస్‌ను మూడో వంతుకు దించి మూడు ఉత్ప్రేరకాలతోనూ మళ్లీ నడపాలి. ఎంకే-801 పరుగు అప్పుడూ తగ్గి సీ-ఏపీబీ నిలబడితే పై డోస్ ఎంపిక తప్పింది, అంతే. రెండూ కలిసే దిగి కలిసే ఎక్కుతుంటే కొత్త పెట్టె పరీక్షకు, రోటారాడ్‌కు వెళ్లాలి. అవి శుభ్రంగా ఉంటే మెదడులో సీ-ఏపీబీ మోతాదు కొలవాలి. అదీ మారకపోతే అణువును డీ1 బైండింగ్ పరీక్షకు (అది ఆ రిసెప్టర్‌ను పట్టుకుంటుందేమో చూసే పరీక్షకు) పంపాలి. 2ఏ బ్లాకర్ అని పేరు పెట్టుకున్నది డీ1ను కూడా పట్టుకుంటోందేమో అక్కడ తెలుస్తుంది.